తల్లికి చెప్పకూడని జాగ

మా ఇంట్లో పండ్లకు టోపీలుండేవి. కొత్తగూడెం క్వార్టర్లలో మా వంటింటి గూట్లో ఒక వెదురు బుట్ట, అందులో నిమ్మకాయలు, జామకాయలు, బత్తాయిలు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో లేసు టోపీ. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు చూసి, పిల్లల ఆట కాబోలని నవ్వేవారు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఎందుకమ్మా ఇవి అని అడిగినవాళ్ళకు మాత్రం దాచకుండా చెప్పేదాన్ని. కడుపులోనే పోయిన పిల్లలకు అల్లే టోపీలివి, కొలత కోసం పండ్ల మీద పెడతాను అని. ఆ మాట వినగానే చాలామంది టీ గ్లాసు సగంలో పెట్టేసి, పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు లేచి వెళ్ళేవారు. కూర్చుని మిగతా టీ తాగినవాళ్ళు నాకు స్నేహితులయ్యారు. మనుషుల్ని ఏరుకోవడం అట్లా నాకు సులువైపోయింది.

లేసు అల్లడం నాకు మిషన్ బోర్డింగులో నేర్పారు. మూతి దగ్గర కొక్కెం ఉన్న ఉక్కు సూది, తెల్ల నూలు ఉండ, మాట్లాడితే వేళ్ళ మీద స్కేలు దెబ్బ. బల్ల మీద పరిచే గుడ్డలు, కిటికీ తెరల అంచులు, పాస్టరు గారి కుర్చీ వీపుకు కప్పే గుడ్డలు, ఇవే అల్లించేవారు. కుర్చీ వీపుకు చలేస్తుందా అని అడిగి దెబ్బలు తిన్నాను. అయినా చెయ్యి కుదిరింది. సూది పట్టుకుంటే నాకు కళ్ళతో పని లేదు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, ఉన్న మాటే.

పెళ్ళయి క్వార్టరుకు వచ్చాను. మా ఆయనది బాయి పని. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. ఆయన మాటలు తక్కువ మనిషి. షిఫ్టంతా భూమి అడుగున ఉండి, పైకొచ్చేటప్పుడు మాటల్ని కిందే వదిలేసి వస్తాడేమో అనిపించేది. ఆయన మిగిల్చిన మాటలన్నీ మా అత్తమ్మ మాట్లాడేది. ఆమెది కారేపల్లి పక్కన పల్లె. మామగారు పోయాక మా దగ్గరే ఉంది. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వరసలో మోకాళ్ళూనేది. సోమవారం తెల్లారేసరికి ఎవరు ఎదురైతే మంచిది, ఏ వేళప్పుడు ఇల్లు ఊడవకూడదు అని తన శాస్త్రం తాను మొదలుపెట్టేది. ఆమెను మార్చడం పాస్టరు గారి వల్ల కాలేదు. నా వల్ల అసలే కాలేదు.

డెబ్బైల మధ్యలో, నా మొదటి కాన్పు ఏడో నెలలోనే వచ్చేసింది. దవాఖానాలో మత్తు దిగి కళ్ళు తెరిస్తే పక్క ఖాళీగా ఉంది. అత్తమ్మ నా తల నిమురుతూ, "లెవ్వకు బిడ్డా, అయిపోయింది" అంది. ఏమి అయిపోయిందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆడపిల్లా, మగపిల్లవాడా, అదీ చెప్పలేదు. కాసేపటికి మా ఆయన వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. చెప్పులకు తడి మట్టి అంటుకుని ఉంది. ఎక్కడికి పోయి వచ్చావని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

అత్తమ్మే జవాబు చెప్పింది. "జాగ అడగొద్దు. ఏడ పెట్టిన్రో తల్లికి తెలిస్తే దాని మనసు ఆడనే తిరుగుతది. మల్ల కడుపు నిలవదు. తండ్రికి ఒక్కనికే తెల్వాలె. చెప్పనని నాకు ఒట్టు పెట్టిండు."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏడు నెలలు మోసినదానికి తెలియకూడదట, ఒక్క పూట మోసుకుపోయినవాడికి మాత్రం తెలియాలట. ఇదెక్కడి న్యాయమని అరిచాను. అరవడానికి ఒంట్లో సత్తువ లేదు, అయినా వార్డంతా లేచి కూర్చునేలా అరిచాను. ఆయన నోరు విప్పలేదు. తర్వాత ఇంటికొచ్చాక కూడా ఎన్నిసార్లు అడిగినా, బతిమాలినా, అన్నం ముందు అలిగి కూర్చున్నా విప్పలేదు. మా వాడలో ఆడవాళ్ళను కదిలిస్తే, అట్లా పిల్లను పోగొట్టుకుని జాగ తెలియనివాళ్ళు ప్రతి వరసలో ఉన్నారు. అందరిదీ ఒకటే మాట. అడగొద్దన్నారు, అడగలేదు.

తర్వాత నాకు కూతురు పుట్టింది, బతికింది. అత్తమ్మ పిల్లను ఎత్తుకుని, "చూసినవా, జాగ చెప్పకపోతేనే నిలిచింది" అంది. పిల్ల బతికినందుకు సంతోషం, ఆమె మాట గెలిచినందుకు మంట. రెండూ ఒక పొయ్యి మీదే ఉడికాయి నాకు.

కూతురు పాలు తాగే రోజుల్లోనే పక్క క్వార్టరు ఇల్లాలికి ఎనిమిదో నెలలో కడుపు పోయింది. ఇంట్లోనే కాన్పయింది. నేను వెళ్ళేసరికి ఆమె భర్త అరుగు మీద కూర్చుని పాత లుంగీ చింపుతున్నాడు. పక్కన చాట, చాటలో బిడ్డ. చిన్న గోళ్ళతో సహా అన్నీ ఉన్న బిడ్డ. నేను ఇంటికి పరుగెత్తి మా అమ్మాయి కోసం అల్లిన టోపీ తెచ్చి పెట్టాను. అది జారి ముక్కు దాకా దిగిపోయింది. వీళ్ళకు కావాల్సిన కొలతలు వేరని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఇంటికి పోయి సూది, దారం తెచ్చుకుని ఆ అరుగు మీదే కూలబడ్డాను. మగవాళ్ళు పొద్దుపోతోందని తొందరపెట్టారు. "ఆగండి" అన్నాను. నా గొంతు వాళ్ళకు కొత్త కాదు, ఆగారు. టోపీ, ముందు వైపు తెరిచి ఉండే చేతుల్లేని చిన్న చొక్కా, కట్టడానికి ఒక అల్లిక తాడు. తొడిగి ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళాక, ఆ చొక్కాలో మిగిలిన దారం కొస తీసుకుని లోపలికి పోయి తల్లి చేతిలో పెట్టాను. "దీంతోనే అల్లిన, కొత్త బట్ట కట్టుకొని పోయింది నీ బిడ్డ" అని చెప్పాను. ఆమె ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. తర్వాత పుస్తెలతాడుకు ముడేసుకుంది. జాగ చెప్పకూడదన్నారు గానీ దారం ఇవ్వకూడదని ఎవరూ అనలేదు కదా. ఆ రోజు నుంచి మిగిలిన దారం తల్లికే అన్నది నా నియమం. వాళ్ళకు వాళ్ళ శాస్త్రం ఉంటే నాకు నాది.

సంగతి దవాఖానా దాకా పోయింది. కాన్పుల వార్డులో పనిచేసే ఆయమ్మ కబురు చేయడం మొదలుపెట్టింది. ఆమె మెడలో జపమాల ఉన్న కథోలికురాలు, మేము ప్రొటెస్టెంట్లం. ఆమె చర్చికి మా చర్చికి పొసగదు గానీ, ఆమెకూ నాకూ బాగా పొసిగింది. మొదట్లో కొలత ఎట్లా చెప్పాలో తెలియక తిప్పలు పడ్డాం. బెత్తెడు అంటుంది, ఆమె బెత్తెడూ నా బెత్తెడూ ఒకటి కాదు. చివరికి పండు మాట ఆమే తెచ్చింది. వార్డు నుంచి ఇంటికి పోయేవాళ్ళెవరో మా గుమ్మం ముందు ఆగి, "అక్కా, జామకాయంట" అని చెప్పి పోయేవారు. తల కొలత తెలిస్తే మిగతా ఒళ్ళు నా చేతికి తెలిసిపోయేది. నిమ్మకాయకు అల్లడమే కష్టం. కుట్టు మరీ వదులైతే వేలు ఇరుక్కుంటుంది, మరీ బిగువైతే ఆ లేత చర్మానికి గుచ్చుకుంటుంది.

బొగ్గు ఊళ్ళో తెల్ల దారాన్ని తెల్లగా ఉంచడం ఇంకో పని. కిటికీ మూసినా గాలిలోనే మసి. ఉండను స్టీలు డబ్బాలో పెట్టి, మూతకు మేకుతో బెజ్జం చేసి, అందులోంచి దారం లాగి అల్లేదాన్ని. మా ఆయన షిఫ్టు నుంచి వస్తే, స్నానం చేసేదాకా ఆ డబ్బా దరిదాపులకు రానిచ్చేదాన్ని కాదు. కొలత అయిపోయిన పండ్లు మా పిల్లలు తినేసేవారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు, వాళ్ళకు అందులో వింత లేదు. అత్తమ్మ మాత్రం ఆ బుట్టలోది ఏదీ ముట్టేది కాదు.

"పిల్లలున్న ఇంట్ల గీ పాడు పనేంది?" అని రోజూ ఒకసారి అనకపోతే ఆమెకు అన్నం అరిగేది కాదు.

"పిల్లలున్న ఇల్లు గాబట్టే చేస్తున్న" అనేదాన్ని.

"నా మాట ఇననే ఇనవు."

"వింటున్న గదత్తమ్మా. జాగ అడుగుతలేను గద."

అక్కడికి ఆమె నోరు మూతపడేది. ఆ మూతపడిన నోటి కోసమే ఆ మాట అనేదాన్ని.

మొదట్లో అన్నీ తెల్లవే అల్లాను. చర్చిలో పిల్లలకు తెల్లటివే కదా తొడుగుతాం, ఇంకో రంగు ఉంటుందని తోచనే లేదు. ఒకసారి భద్రాచలం వైపు పల్లె నుంచి మనవరాలి కాన్పుకు వచ్చిన ఒక ముసలామె, దవాఖానా వరండాలో నా చేతిలోని చొక్కా చూసి మొహం చిట్లించింది. ఆమె కట్టింది తెల్ల చీర. "తెల్లది మొగుడు పోయినదాన్ని నేను కడుతున్న. బువ్వ తినని పోరికి తెల్లదేంది బిడ్డా? మంచిగ ఎర్రది లేదా?" అంది. ఆ చొక్కా మడిచి సంచీలో పెట్టేశాను. అంతకు ముందు ఎంతమంది తల్లులు ఆ తెల్లదాన్ని చూసి లోపల చివుక్కుమని, నా మొహం చూసి ఊరుకున్నారో. ఆ సాయంత్రమే బజారుకు పోయి ఎరుపు, పసుపు, చిలకపచ్చ ఉండలు కొన్నాను. తెల్లవి మా చర్చివాళ్ళకు ఉంచాను. మా చర్చి ఆడవాళ్ళలోనూ ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా పక్కకు పిలిచి, నాకూ చిలకపచ్చ అల్లిపెట్టవా అని అడిగారు.

ఇంతమందికి అల్లాను గానీ నా మొదటి బిడ్డకు అల్లలేదు. ఎట్లా అల్లుతాను? ఎంత ఉందో తెలియదు, ఏ బిడ్డో తెలియదు, అల్లినా ఎక్కడ పెట్టాలో తెలియదు. ఎవరికో అల్లుతూ ఉండగా వేళ్ళు ఆగిపోయేవి. మా ఆయన నా పక్కనే కూర్చుని కంచంలో పప్పు కలుపుకుంటున్నాడు, జాగ ఆయన తలలో ఉంది, నేను చెయ్యి చాపితే ఆ తల అందుతుంది. అయినా అందదు. ఆ దుఃఖం అల్లికతో తీరలేదు. తీరిందని చెబితే అబద్ధం.

ఎనభైలు వచ్చాయి. కొడుకు పుట్టాడు, ఆ తర్వాత ఇంకో ఆడపిల్ల. ఇక చాలనుకుని పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అత్తమ్మ పక్కన కూర్చుని చారన్నం పిసుకుతోంది. ఆ చారన్నం చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు సలుపుతున్నాయి, అయినా ఆగలేదు.

"ఏమైందే నీకు?" అని భయపడింది ఆమె.

"అత్తమ్మా, తల్లికి జాగ తెలిస్తే ఏమైతదన్నవ్?"

"మల్ల కడుపు నిలవదన్న."

"ఇగ నాకు కడుపే రాదు గద. డాక్టరు ముడేసి పంపిచ్చింది. నిలిచేదేంది, పోయేదేంది? నీ ఒట్టుకు ఇగ పనేమున్నది?"

చారన్నం పిసికే చెయ్యి ఆగిపోయింది. నేను ఆమె మొహం చూస్తూ పడుకున్నాను. గెలిచానని నాకు తెలిసిపోయింది. పిల్లల ఆటలో గెలిచినట్టు లోపల గంతులేశాను కూడా.

"అవ్" అంది. "ఇగ దానికి పని లేదు." తర్వాత కంచం కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "నావి గూడ ఇద్దరు పోయిన్రు. నీ మొగని కంటే ముందు ఒకటి, ఎనక ఒకటి. మీ మామ ఏడ పెట్టిండో నాకు తెల్వదు. ముసల్దాన్నైనంక అడుగుదామనుకున్న. గప్పుడు నాకు ఆపరేషన్లా పాడా. కడుపులు ఆగేసరికి తల నెరిసింది. ఇగ అడుగుత, ఇగ అడుగుత అనుకుంటనే ఉన్న. గాయన పొద్దుగాల చేనుకు పోయి ఆడనే పడిపోయిండు." నా దుప్పటి సరిచేసింది. "జల్దీ అడుగు బిడ్డా. మొగోళ్ళు చెప్పకుండనే పోతరు."

నా గెలుపు అక్కడే చల్లారిపోయింది. ఇన్నేళ్ళు ఆమెను ఒట్టుకు కాపలా కాసే మనిషిగానే చూశాను. ఆ ఒట్టు వల్ల నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆమేనని నాకు తట్టనే లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చారు వాసన వేస్తోంది.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి తువ్వాలతో తల తుడుచుకుంటుంటే అత్తమ్మే మొదలుపెట్టింది. "కొడుకా, ఒట్టు తీసేస్తున్న. దానికి చెప్పు." ఆయన ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. అంగీ తొడుక్కుని బయటికి నడిచాడు. ఇంకేముంది, మళ్ళీ తప్పించుకున్నాడని నేను మంచం మీద నుంచే తిట్టడం మొదలుపెట్టాను. తిట్లు అయిపోవస్తుండగా తిరిగొచ్చాడు. చేతిలో ఒకే ఒక్క బత్తాయి. బండి మీద ఉన్న కాయలన్నీ ఏరి ఏరి తెచ్చాడని తర్వాత ఆ బండివాడే చెప్పాడు, ఇంత చిన్నది ఎందుకన్నా అంటే పలకలేదట. ఆ బత్తాయి తెచ్చి నా పక్కన పెట్టాడు.

"గింత ఉండె" అన్నాడు. "ఆడపిల్ల. నుదురు నీదే."

నేను ఏడ్చాను. పిల్లల ముందే, గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే అడగాల్సినవన్నీ అడిగాను, మళ్ళీ ఈ మనిషి నోరు మూసేస్తాడేమోనని.

"ఏం చుట్టినవ్?"

"నా అంగి ఇప్పి చుట్టిన."

"ఏడ?"

"పాల్వంచ దాటినంక. అడివి మొదలైతది సూడు, ఆడ వాగు ఒడ్డుకు. రెండు మద్దిచెట్ల నడుమ."

ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

కుట్లు మానగానే సూది పట్టాను. ఎర్ర దారం. ఆయన ఎదురుగా కూర్చుని చూసేవాడు. టోపీ పూర్తయి బత్తాయికి సరిపోయింది, చొక్కా దగ్గర మాత్రం ఆయన తల అడ్డంగా ఊపాడు. "గింత లావు లేకుండె. ఇంకొంచెం సన్నగ." విప్పేశాను. మళ్ళీ అల్లితే, "పొడుగు జర తగ్గాలె." మళ్ళీ విప్పాను. ఇంకెవరైనా అన్నిసార్లు విప్పిస్తే సూది మొహాన కొట్టేదాన్ని. ఆయన చెప్తుంటే మాత్రం, నా బిడ్డ కొంచెం కొంచెంగా నా కళ్ళ ముందుకు వస్తున్నట్టుండేది. ఇంకా విప్పమంటే బాగుండుననిపించింది. చివరికి ఒకరోజు ఆ చొక్కాను అరచేతిలోకి తీసుకుని, ముంజేతి మీద పెట్టుకుని చూసి, "అవ్. గింతే" అన్నాడు.

అత్తమ్మ అదంతా గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. ఆ మర్నాడు ఎన్నడూ ముట్టని బుట్ట దగ్గరికి వచ్చి, జామకాయలన్నీ కెలికి రెండు బయటికి తీసింది. ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది. "నాకు సూడనిచ్చిన్రా పాడా. గివి అనుకుంటున్న. ఒకటి పసుపు, ఒకటి చిలకపచ్చ" అంది. అల్లి ఇచ్చాక వాటిని ఒళ్ళో పరుచుకుని, అంచులు సవరించుకుంటూ చాలాసేపు కూర్చుంది. తర్వాత మడిచి నాకే ఇచ్చేసింది. "నీదానికాడనే పెట్టురి. తోడుంటరు."

మా ఆయనకు వారపు సెలవు ఉన్న రోజు, పిల్లల్ని ఆమెకు అప్పగించి ఇద్దరం భద్రాచలం బస్సెక్కాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. పాల్వంచ దాటాక ఒకచోట ఆయన బస్సు ఆపించాడు. రోడ్డు దిగి నడిచాం. కొంచెం దూరం పోయాక ఆయన నడక మందగించింది. ఎదురుగా అడివి లేదు. జామాయిల్ చెట్లు. ఎటు చూసినా ఒకే ఎత్తున, ఒకే దూరంలో, తాడు పట్టి నాటినట్టు వరసలు. పాత చెట్లన్నీ కొట్టేసి తోట వేశారు. మద్దిచెట్టు కాదు కదా, దాని మొద్దు కూడా లేదు.

ఆయన ఒక వరస వెంట పోయి వెనక్కి వచ్చాడు. ఇంకో వరస వెంట పోయాడు. వాగు దాకా వెళ్ళి, ఒడ్డు మీద అటూ ఇటూ తిరిగి, మళ్ళీ రోడ్డు వైపు చూసుకుని లెక్క వేసుకుని మళ్ళీ వచ్చాడు. నేల అడుగున చీకట్లో దారి తప్పని మనిషి, పట్టపగలు ఆ చెట్ల మధ్య అడుగడుగునా తప్పుతున్నాడు. నేను అరిచి పిలిచినా వినిపించుకోలేదు. చివరికి వచ్చి నా ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

"నాకొక్కనికే గద తెల్వాల్సింది" అన్నాడు. "నాకు గూడ తెల్వకుండ పోయింది."

మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను దవాఖానాలో ఏడ్చాను, ఇంట్లో ఏడ్చాను, వాడంతా వినేలా ఏడ్చాను. ఈయన ఇన్నేళ్ళలో ఎక్కడ ఏడ్చాడో నాకు తెలియదు. బహుశా ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే మాట బయటికి వస్తుందని భయపడి ఉంటాడు. అంత కాలం నేను ఆయన మీద పెంచుకున్న కోపం ఎటు పోయిందో, వెతికినా దొరకలేదు. ఆ చెట్ల కింద కూర్చున్న మనిషి మీద జాలి తప్ప నాలో ఇంకేమీ మిగల్లేదు.

కాసేపు ఆయనను ఏడవనిచ్చాను. తర్వాత లేచాను. నేను లేవకపోతే ఆ రోజు ఎవరూ లేచేవాళ్ళు కాదు. వాగు ఒడ్డు వెంట నడిచాను. ఒకచోట వాగు మలుపు తిరుగుతుంది. అక్కడ ఒడ్డు కొంచెం ఎత్తు, పక్కన నడుము దాకా వచ్చే నల్ల బండ. తోట వరసలు బండకు ఇవతలే ఆగిపోయాయి, కాస్త నేల ఖాళీగా, గడ్డితో ఉంది. ఆ గడ్డి మీద నిలబడి ఆయనను పిలిచాను.

"ఇక్కడ" అన్నాను.

ఆయన వచ్చి చుట్టూ చూశాడు. "గిది కాదేమో. ఇంకా అవతలికి…"

"ఇదే."

"నీకెట్ల తెలుసు?"

"తల్లిని నేను. చెప్తున్న గద. ఇదే జాగ."

నా మొహంలోకి చూశాడు. సంచీలోంచి చిన్న గునపం తీసి, వంగి తవ్వడం మొదలుపెట్టాడు. బాయి మనిషి, తవ్వడం మొదలుపెట్టాక చేతులు వాటంతట అవే కుదురుకున్నాయి. ఎర్రది మధ్యలో పెట్టాను. అటు పసుపు, ఇటు చిలకపచ్చ. మట్టి ఇద్దరం వేశాం. ప్రార్థన నేను చేశాను, ఆమెన్ ఆయన అన్నాడు. గట్టిగానే అన్నాడు.

ఇల్లు చేరేసరికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. చిన్నది ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. సంచీలో గునపం తప్ప ఏమీ లేదని చూసింది.

"జాగ దొరికిందా?"

మా ఆయన నా వైపు చూశాడు.

"దొరికింది" అన్నాను. అబద్ధం చెప్పానని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

"నావి గూడ ఆడనేనా?"

"ఆడనే. పక్కపక్కనే."

"ఎట్ల పోవాలె?"

ఆమె పక్కన కూర్చుని చెప్పాను. పాల్వంచ దాటినంక బస్సు దిగాలె. ఎడమచేతి దిక్కు నడవాలె. జామాయిల్ తోట అయిపోయేదాక పోతే వాగొస్తది. వాగు మలుపు తిరిగేకాడ నల్ల బండ. బండ పక్కకు గడ్డి. వానొచ్చినా నీళ్ళు ఎక్కవు.

ఆమె కళ్ళు మూసుకుని వింది. తర్వాత వేళ్ళు ముడుస్తూ తనలో తాను అప్పజెప్పుకోవడం మొదలుపెట్టింది. బస్సు దిగాలె, ఎడమచేతి దిక్కు, తోట, నల్ల బండ. వాగు మరిచిపోయావత్తమ్మా అన్నాను. తోట, వాగు, నల్ల బండ, అని దిద్దుకుంది. ఇద్దరు పిల్లలు పోయి ముప్పై ఏళ్ళు దాటిన తల్లి, బడి పిల్లలా దారి బట్టీ పడుతోంది.

"ఇంకోసారి చెప్పు పిల్లా" అంది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.